కుక్క వాంతికి మాత్ర వేసే ముందు

మామిడి కాలం ముగుస్తున్న రోజుల్లో, జగిత్యాల వైపు నుంచి వచ్చిన పండ్లు హనుమకొండ బజార్లలో ఇంకా బుట్టలకొద్దీ దొరుకుతున్నప్పుడు, మా మల్లి పొద్దున తిన్న అన్నాన్ని రెండుసార్లు కక్కుకున్నది. మల్లి ఐదేళ్ల నాటు కుక్క, బరువు 14 కిలోలు. ఎండకు అన్నం పాసిపోయి ఉంటుందని అనుకొని వీధి చివరి మందుల దుకాణంలో అడిగితే, మనుషులు వాంతికి వాడే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్రలు ఇచ్చారు. పూటకొకటి చొప్పున చిన్న బెల్లం ముక్కలో పెట్టి మింగించాను. సాయంత్రానికి వాంతులు ఆగినాయి, ఇంటిల్లిపాదికీ మనసు కుదుటపడింది. కానీ మల్లి మాత్రం గోడవైపు తిరిగి కూర్చొని, మాటిమాటికీ పెదవులు నాక్కుంటూ, నోట్లో ఏమీ లేకపోయినా గుటకలు వేస్తూనే ఉన్నది. ప్రాణమిచ్చే ఉడికించిన గుడ్డును వాసన చూసి ముఖం తిప్పుకున్నది. మూడో రోజు తెల్లవారుజామున అది కక్కిన నీళ్లు గోధుమరంగులో, పెంటవాసనతో ఉన్నాయి.

పశువుల డాక్టరు పొట్ట తడిమి చూసి, ఎక్స్‌రే, స్కానింగ్ చేయించి, చిన్నపేగులో మామిడి టెంక ఇరుక్కున్నదని తేల్చారు. నేను వేసిన మోతాదు దాని బరువుకు ఎక్కువేమీ కాదని కూడా ఆయనే చెప్పారు. నా తప్పు మోతాదులో లేదు. వాంతి ఆగింది కనుక జబ్బు కూడా తగ్గుతున్నదని రెండు రోజులపాటు నమ్మడంలో ఉన్నది.

"కుక్క కక్కుతున్నది, ఏ గోలీ వెయ్యాలె?" అనే ప్రశ్న మా వీధిలోనే నెలకు ఒకసారైనా వినిపిస్తుంది. ఈ ప్రశ్నకు ఒక గోలీ పేరు జవాబు కాలేకపోవడానికి కారణం, వాంతి ఎలా పుడుతుందో తెలిస్తే గానీ అర్థం కాదు.

వాంతి చేయించేది కడుపు కాదు, మెదడు. మెడ పైభాగాన, వెన్నుపాము మెదడుతో కలిసే మజ్జాముఖం అనే భాగంలో వాంతిని నడిపే నాడీకణాల సమూహం ఒకటి ఉంటుంది. డాక్టర్లు దానిని వాంతి కేంద్రం అంటారు. కడుపులోనో పేగులోనో వాపు వచ్చినా, ఏదైనా అడ్డం పడి పేగు ఉబ్బినా ఆ కబురు, పొట్టను మెదడుతో కలిపే వేగస్ నాడి ద్వారా ఈ కేంద్రానికి చేరుతుంది. రక్తంలో చేరిన విషాలను, మందులను, మూత్రపిండాలు పనిచేయనప్పుడు పేరుకుపోయే మలినాలను పసిగట్టేందుకు దాని పక్కనే మరొక చోటు ఉన్నది. రక్తంలోని చాలా పదార్థాలు మెదడులోకి చొరబడకుండా ఆపే రక్షణ గోడ ఆ చోట పలుచగా ఉంటుంది, అందుకే అది రక్తాన్ని నేరుగా రుచి చూడగలదు. కారులో ప్రయాణించే కుక్క కక్కుకోవడానికి కారణం లోపలి చెవి నుంచి వచ్చే సంకేతాలు. వీటికి తోడు భయం, ఆందోళన వంటివి పెద్దమెదడు నుంచి కిందికి దిగుతాయి.

ఇన్ని దారుల్లోనూ కబురు మోసుకుపోయేవి రసాయనాలే. పేగు గోడ దెబ్బతిన్నప్పుడు అక్కడి కణాలు సెరటోనిన్‌ను వదులుతాయి. రక్తాన్ని రుచి చూసే చోట డోపమైన్ ప్రభావం ఎక్కువ. డోపమైన్‌లా పనిచేసే ఏపోమార్ఫిన్ అనే మందుతోనే, విషం తిన్న కుక్కలకు ఆసుపత్రుల్లో వాంతి చేయిస్తారంటే ఆ దారి కుక్కల్లో ఎంత బలమైనదో తెలుస్తుంది. ఇక చివరి మెట్టులో, అన్ని దారులూ కలిసే వాంతి కేంద్రం దగ్గర, సబ్‌స్టెన్స్ పి అనే పదార్థం ముఖ్యమైన పాత్ర వహిస్తుంది. దీనిని 1931లో గుర్రపు మెదడు నుంచి, పేగుల నుంచి తీసిన సారంలో మొదటిసారి గుర్తించారు. ఒకే పదార్థం మెదడులోనూ పేగులోనూ దొరకడం అప్పట్లో వింతగా తోచి ఉండవచ్చు. వాంతిని ఆపే ఈనాటి మందుల్లో ముఖ్యమైనదొకటి ఆ పదార్థం మీదే ఆధారపడి ఉన్నది.

ఆ మందు పేరు మారోపిటాంట్. సెరేనియా అనే వ్యాపార నామంతో ఇది కుక్కల కోసమే తయారై, అమెరికాలో 2007లో అనుమతి పొందింది. సబ్‌స్టెన్స్ పి వచ్చి అతుక్కోవలసిన గ్రాహకాలను ఇది ముందుగానే ఆక్రమిస్తుంది కనుక, సంకేతం పేగు నుంచి వచ్చినా, రక్తం నుంచి వచ్చినా, చెవి నుంచి వచ్చినా చివరి మెట్టు దగ్గర ఆగిపోతుంది. సాధారణ వాంతులకు కిలో బరువుకు 1 మిల్లీగ్రాము ఇంజెక్షన్ రూపంలో, లేదా 2 మిల్లీగ్రాములు మాత్ర రూపంలో, రోజుకు ఒక్కసారి ఇస్తారు. ప్రయాణపు వాంతులకు మాత్రం కిలోకు 8 మిల్లీగ్రాములు కావాలి, అదీ బయలుదేరడానికి కనీసం రెండు గంటల ముందు. ఒకే మందు, ఒకే కుక్క, కానీ కారణం మారితే మోతాదు నాలుగింతలవుతుంది. "మా పక్కింటి కుక్కకు సగం గోలీ సరిపోయింది" అనే మాట ఎందుకు దారి తప్పిస్తుందో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. ఈ మందును శరీరం నుంచి తొలగించేది కాలేయం కనుక కాలేయ జబ్బున్న కుక్కలకు జాగ్రత్తగా ఇస్తారు. మరీ పసి కుక్కపిల్లల్లో ఎముక మజ్జ మీద దీని ప్రభావం కనిపించింది కనుక వయసు కూడా చూస్తారు. ఇంజెక్షన్ చర్మం కింద వేసినప్పుడు మంట పెడుతుంది. ఫ్రిజ్‌లో చల్లబరిచిన మందును వేస్తే ఆ మంట తగ్గుతుంది. కుక్క కేకపెడితే కంగారుపడే యజమానులు ఈ సంగతి డాక్టరును అడిగి తెలుసుకోవచ్చు.

మన ఇండ్లలో ఎక్కువగా దొరికే ఆన్‌డాన్‌సెట్రాన్, మొదట మనుషుల్లో క్యాన్సర్ చికిత్స వల్ల వచ్చే వాంతుల కోసం వచ్చిన మందు. ఇది సెరటోనిన్ దారిని మూసివేస్తుంది. పశువైద్యులు కూడా దీనిని వాడుతారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు కుక్క రక్తంలోకి చేరే భాగం తక్కువ కనుక, సూదిమందుకు, మాత్రకు వేర్వేరు లెక్క కడతారు. ఇక్కడ వాంతికి, వికారానికి ఉన్న తేడాను పట్టించుకోవాలి. వాంతి కంటికి కనిపిస్తుంది, వికారం కనిపించదు. మారోపిటాంట్ వాంతిని బలంగా ఆపుతుంది గానీ, కొన్ని కుక్కల్లో వాంతి ఆగిన తరువాత కూడా చొంగ కార్చడం, పెదవులు నాకడం, గుటకలు వేయడం, గడ్డి కోసం తచ్చాడడం, తిండిని చూసి తల తిప్పుకోవడం కొనసాగుతాయి. అటువంటప్పుడు డాక్టర్లు ఆన్‌డాన్‌సెట్రాన్‌ను జత చేయడం కద్దు. కక్కడం ఆగిన కుక్కకు బాగైందని అనుకోవద్దు. అది తిండి దగ్గరికి తనంతట తానుగా వచ్చినప్పుడే ఆ మాట అనాలి. మల్లి విషయంలో నేను చూసీ చూడనట్లు వదిలేసిన సంకేతం ఇదే.

మెటోక్లోప్రమైడ్ కథ వేరు. పెరినార్మ్ అనే పేరుతో చాలా ఇండ్లలో తెలిసిన ఈ మందు డోపమైన్ దారిని మూయడంతో పాటు కడుపు, పేగుల పైభాగపు కదలికలను పెంచి, లోపలి తిండిని ముందుకు నెడుతుంది. కడుపు మందగించిన కుక్కకు అది మేలు చేస్తుంది. పేగులో టెంకో, రాయో, గుడ్డపీలికో అడ్డం పడిన కుక్కకు మాత్రం, మూసిన తలుపుకు ఆనించి లోపల నుంచి తోసినట్లవుతుంది. పేగు చిరిగే ప్రమాదం ఉన్నది. మూర్ఛ జబ్బున్న కుక్కలకూ ఇది తగదు. మోతాదు ఎక్కువైతే కుక్క నిలువలేక తిరగడం, కండరాలు బిగుసుకోవడం కనిపిస్తాయి. ఆ దుకాణంలో ఆ రోజు ఆన్‌డాన్‌సెట్రాన్‌కు బదులు ఇది ఇచ్చి ఉంటే మల్లి పేగు ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు.

పాంటోప్రజోల్, ఫామోటిడిన్ వంటి 'గ్యాస్ గోలీ'లు అసలు వాంతి మందులే కావు. అవి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి, కడుపులో పుండు ఉన్నప్పుడు ఉపయోగపడతాయి, అంతే. ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు డోంపెరిడోన్ అనే వాంతి మందును కలిపిన గుళికలు మనుషుల కోసం విరివిగా అమ్ముడవుతాయి. వాటిని కుక్కకు వేసేవారికి తాము రెండు మందులు ఇస్తున్నామన్న సంగతే తెలియదు. పిల్లల కోసం తీపిగా చేసిన సిరప్‌ల విషయంలో మరొక భయం కూడా ఉన్నది: జైలిటాల్ అనే తీపి పదార్థం మనుషులకు హాని చేయదు గానీ, కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సీసా మీద రాసిన పదార్థాల జాబితా చదవకుండా ఏ సిరప్‌నూ కుక్క నోట్లో పోయరాదు.

మందు సంగతి తరువాత, ముందు అది వాంతేనా అని చూడాలి. నిజమైన వాంతిలో కుక్క ముందుగా అవస్థపడుతుంది, చొంగ కారుస్తుంది, పొట్ట కండరాలు ఎగిసెగిసి పడతాయి, అప్పుడు గానీ లోపలిది బయటికి రాదు. అలా కాకుండా, తిన్న కాసేపటికి తల వంచగానే ఏ ప్రయాసా లేకుండా నమలని మెతుకులు గొట్టం ఆకారంలో జారిపడితే, అది అన్నవాహికకు సంబంధించిన లోపం. వాంతి మందులు దానికి పనిచేయవు. దగ్గి దగ్గి చివరకు తెల్లని నురుగు ఉమ్మే కుక్క గొంతులో బొక్క ఇరికిందని చాలామంది పొరపడుతారు, కానీ అది తరచుగా శ్వాసనాళాల అంటువ్యాధి. అన్నిటికంటే భయపడవలసింది, కక్కడానికి పదేపదే ప్రయత్నించినా ఏమీ బయటికి రాకపోవడం, దానితో పాటు పొట్ట డోలులా ఉబ్బడం. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ వంటి లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు గాలితో ఉబ్బి మెలిపడినప్పుడు ఇలా జరుగుతుంది. అప్పుడు ఏ మాత్ర గురించీ ఆలోచించకుండా, అర్ధరాత్రి అయినా సరే, బండి తీయాలి. గంటల్లోనే ప్రాణం పోతుంది.

ఇక వాంతిని ఆపకూడని సందర్భాలు. మన జిల్లాల్లో పత్తి, మిర్చి చేలు ఊళ్లను ఆనుకొనే ఉంటాయి. పురుగుమందు కలిపిన బకెట్, పారేసిన డబ్బా కుక్కకు అందుబాటులో ఉంటాయి. పురుగుమందుల్లో ఒక పెద్ద వర్గమైన ఆర్గనోఫాస్ఫేట్లు ఒంట్లోకి పోతే వాంతితో పాటు ధారగా చొంగ, కన్నీళ్లు, విరేచనం, మూత్రం, చిన్నబడిన కంటిపాపలు, కండరాల వణుకు కనిపిస్తాయి. దీనికి మందు అట్రోపిన్ వంటి విరుగుళ్లు, అవీ డాక్టరు చేతుల మీదుగా. రైసు మిల్లుల, గోదాముల దగ్గర పెట్టే ఎలుకల మందులో జింక్ ఫాస్ఫైడ్ ఉంటే, అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువుగా మారుతుంది. అటువంటి కుక్క కక్కినప్పుడు వచ్చే గాలి పక్కనున్న మనుషులకు కూడా హానికరం కనుక దానిని మూసిన గదిలో ఉంచకూడదు, కారు అద్దాలు దించే తీసుకుపోవాలి. విషం తిన్నదన్న అనుమానం ఉన్నప్పుడు ఇంట్లో వాంతి మందు వేస్తే, శరీరం బయటికి నెట్టాలనుకున్న దానిని మనం లోపలే బంధించినట్లు. ఉప్పునీళ్లు పోసి బలవంతంగా కక్కించడమూ అంతే తప్పు. ఉప్పు తానే విషమవుతుంది, కిరోసిన్ వంటివైతే తిరిగి పైకి వస్తూ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిన్నదాని డబ్బా గాని, కాగితం గాని వెంట తీసుకుపోతే డాక్టరుకు సగం పని తీరుతుంది.

అడ్డం పడే వస్తువుల్లో మామిడి టెంక ఒకటి మాత్రమే. గింజలు వలిచి పారేసిన మక్క కంకి బెండు మన వైపు ఇంకా ఎక్కువగా దొరుకుతుంది. దానికున్న తీపి వాసనకు కుక్క దానిని ముక్కలుగా కొరికి మింగుతుంది, కడుపులో అది కరగదు, ఎక్స్‌రేలో సరిగా కనపడకపోవచ్చు కూడా. అడ్డం పడిన కుక్క తొలిరోజు తిరుగుతుంది, తోక ఆడిస్తుంది, అందుకే నమ్మిస్తుంది. నీళ్లు తాగినా నిలవకపోవడం, రెండు రోజులుగా మలం రాకపోవడం, పొట్ట ముట్టుకుంటే బిగపట్టడం ఉన్నప్పుడు ముందు స్కానింగ్, తరువాతే మాత్ర.

కుక్కపిల్లల సంగతి మరీ తొందర పెట్టేది. 1978లో లోకమంతా వ్యాపించిన పార్వో వైరస్ ఇప్పటికీ టీకాలు పూర్తికాని పిల్లలను పట్టుకుంటున్నది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున, కనీసం 16 వారాలు నిండేదాకా టీకాలు వేయించాలి. జబ్బు వచ్చిన పిల్లకు వాంతులు, నెత్తురు విరేచనాలతో గంటగంటకూ నీరు పోతుంది. ఇక్కడ వాంతి మందు నిజంగా ప్రాణం నిలిపే పని చేస్తుంది, ఎందుకంటే వాంతి అదుపులోకి వస్తేనే సెలైన్ నష్టాన్ని మించి ఎక్కుతుంది, పిల్ల కొంచెం కొంచెంగా తినగలుగుతుంది. అయితే ఒక్క వాంతి ఇంజెక్షన్ వేయించి ఇంటికి తెచ్చుకున్న పిల్ల బతుకుతుందని ఆశించడం తప్పు. పైగా పేగు కదలికను పెంచే మెటోక్లోప్రమైడ్‌ను ఈ పిల్లల్లో జాగ్రత్తగా వాడుతారు, అసలే ఉద్రేకంగా కదులుతున్న పేగు తనలోకి తానే దూరుకుపోతుందేమోనని.

దీనికి పూర్తిగా భిన్నంగా, ఏ మందూ అక్కరలేని వాంతులు కూడా ఉన్నాయి. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో పసుపుపచ్చని పైత్యం కక్కి, ఆ తరువాత చక్కగా తినే కుక్కకు రాత్రి పడుకునే ముందు కొంచెం తిండి పెడితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. గోమార్ల వల్ల వచ్చే జ్వరానికి మన దగ్గర కుక్కలకు డాక్సీసైక్లిన్ వారాల తరబడి వాడిస్తారు. ఆ మాత్ర ఖాళీ కడుపున పడితే అదే వాంతికి కారణమవుతుంది. కుక్క కక్కుతున్నదని ఇంకొక మాత్ర చేర్చడానికి ముందు, దానిని తిండితో ఇస్తున్నామా, మింగిన తరువాత నీళ్లు తాగిస్తున్నామా అని చూసుకోవాలి. దసరా నాడు వేటమాంసపు కొవ్వు తిన్న కుక్క మర్నాడు ముందుకాళ్లు చాపి, ఛాతీ నేలకు ఆనించి, నడుము పైకెత్తి నిలబడుతున్నదంటే మాత్రం ఇంట్లో సర్దుకునేది కాదు. క్లోమం వాచిందేమో చూపించాలి.

పెద్ద కుక్క ఒకటి రెండుసార్లు కక్కి, హుషారుగానే ఉంటే, ఇంట్లో చేయగలిగింది ఉన్నది. కొన్ని గంటలపాటు తిండి ఆపి, నీళ్ల గిన్నె తీసేసి, అరగంటకొకసారి నాలుగైదు చెంచాల నీళ్లు మాత్రమే పెట్టాలి. కక్కకుండా నిలిస్తే మెత్తగా వండిన అన్నంలో తోలు తీసిన కోడిమాంసం ఉడికించి, ఉప్పు, కారం, నూనె లేకుండా, ముఖ్యంగా ఉల్లి, వెల్లుల్లి తగలకుండా, గుప్పెడు గుప్పెడుగా పెట్టాలి. పాలు వద్దు. పసి కుక్కపిల్లలను మాత్రం పస్తు ఉంచరాదు, వాటి రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది. వాము నీళ్లు, జీలకర్ర కషాయం మంచివే కావచ్చు గానీ, వికారంతో ఉన్న కుక్క దవడ పట్టి పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి. చిగుళ్లను వేలితో తాకి చూడండి: తడిగా జారితే కొంత నిబ్బరం, జిగటగా వేలికి అంటుకుంటే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. భుజాల మధ్య చర్మాన్ని ఎత్తి వదిలితే వెంటనే సర్దుకోవాలి. నెమ్మదిగా దిగుతున్నదంటే ఇక ఆగకూడదు.

హనుమకొండ, వరంగల్‌లలో ఉన్నవారికి క్లినిక్‌లు దగ్గర, మామునూరులో పశువైద్య కళాశాలే ఉన్నది; ములుగు, భూపాలపల్లి వైపు పల్లెల్లో ఉన్నవారికి ఆ ప్రయాణమే పెద్ద భారం. దూరం ఉన్నవారు ముందు ఫోన్‌లో డాక్టరుకు చెప్పవలసివస్తే, వాంతిని ఫోటో తీసి పంపడం, కక్కేటప్పుడు పది సెకన్ల వీడియో తీయడం, కుక్క బరువు, ఎన్నిసార్లు, తిన్న ఎంతసేపటికి, మలం ఎప్పుడు వచ్చింది, ఇంట్లో ఏయే వస్తువు కనపడకుండా పోయింది అనే వివరాలు ఒక కాగితం మీద రాసుకోవడం ఎంతో ఉపకరిస్తుంది. మీరు ఇప్పటికే వేసిన మాత్ర పేరును దాచకండి. తిడతారని నేను మొదట దాచాను. చెప్పిన తరువాతనే, వాంతి ఎందుకు ఆగిందో అర్థమై, డాక్టరు వెంటనే స్కానింగ్‌కు పంపారు.

మల్లి పేగులో టెంక ఒరుసుకున్న చోట నాలుగు అంగుళాల మేర నల్లబడింది, ఆ భాగం కోసి తీసి మళ్లీ కుట్టారు. ఆపరేషన్ అయిన రాత్రి దానికి ఇచ్చిన మందుల్లో మారోపిటాంట్ ఇంజెక్షన్ ఒకటి. అడ్డం తొలగిపోయింది, లోపల దాచడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు వాంతి వస్తే కుట్లకే ప్రమాదం, తినకపోతే పేగు మానదు, అందుకే ఇప్పుడు ఆ మందు కావాలని డాక్టరు వివరించారు. 14 కిలోలకు 14 మిల్లీగ్రాములు, అంటే 1.4 మిల్లీలీటర్లు, నా కళ్ల ముందే సిరంజిలోకి తీశారు. మర్నాడు మధ్యాహ్నం గిన్నెలో రెండు చెంచాల గంజి పోసి దూరంగా పెట్టాను. మల్లి లేచి, తూలుతూ నాలుగు అడుగులు వేసి, గిన్నె దగ్గరికి తానే వచ్చింది.